ఆబా తలపాగాలో చీమలు

హళదవాడి,
20-11-1996.

హౌసక్కా,

ముందుగా నన్ను క్షమించు. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులు చాలా ఉంటాయి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ పైకి చదువు, నా గొంతు గుర్తొచ్చి తెలిసిపోతుంది. కాగితం మీద మరక నేతిది, కన్నీళ్లది కాదు. నువ్వు బెంగపడతావని ముందే చెబుతున్నాను.

మా మామగారు ఆబాను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ఇరవై రోజులైంది. దసరా నాడు పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి, ఎడం కాలు పట్టు తప్పాయి, మూతి పక్కకు వెళ్లింది. మూతి ఇప్పుడు కుదుటపడుతోంది. చేతికర్రతో నిలబడగలరు. కానీ నిలబడరు. వరండాలో మంచం మీద కూర్చుని వీధిలో పోయేవాళ్లకు వీపు చూపిస్తారు. ముప్పై ఏళ్లు గోదాలోకి దిగిన ఆబా పైల్వాన్ కాలీడ్చుకుంటూ నడవడం ఊరు చూడకూడదట.

తాలూకా ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే శింత్రే మేడమ్ ఒక కాగితం రాసిచ్చింది. రోజూ అరగంట, గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా, ఒళ్లు చెమర్చేలా నడవాలట. దాన్ని ఏరోబిక్ అంటారట. దానితో కాలికి బలం వస్తుందట, ఆయాసం తగ్గుతుందట. ఆబా ఆ కాగితాన్ని తలగడ కింద పెట్టుకుని దాని మీదే పడుకున్నారు. నడక గేదెలు చేసే పని, మనిషికి దండీలూ బస్కీలూ ఉన్నాయని మా ఆయనతో అన్నారట.

అసలు భయం వేరే ఉంది. పూణే బావగారు వచ్చి వెళ్లారు. చైత్రంలో భైరోబా జాతరకు మళ్లీ వస్తారట. అప్పటికి ఆబా తన కాళ్ల మీద ఊళ్లో తిరగకపోతే తండ్రిని తనతో పూణే తీసుకెళ్లిపోతారట. అక్కడ వాళ్లది నాలుగో అంతస్తు. పొద్దున్నే మొగుడూ పెళ్లాం ఇద్దరూ తాళం వేసి ఉద్యోగాలకు పోతారు. ఆబా తాళానికి లోపల ఉంటారు. ఆ మాట విని ఆబా రొట్టె సగం వదిలేశారు. నేను కాపురానికి వచ్చిన మూడేళ్లలో ఆయన రొట్టె వదలడం అదే మొదలు. అత్తగారు లేని ఇంట్లో నా రొట్టె మాడినా బిరుసెక్కినా మాటనకుండా తినే మనిషి ఆయనొక్కరే అక్కా. ఆయన్ను పంపడం నాకు ఇష్టం లేదు.

కానీ నేనేం చెయ్యను? మామగారితో నేరుగా మాట్లాడను కదా. మీ మామగారు తాత్యాకు శ్రావణంలోనే పక్షవాతం వచ్చింది, పైగా షుగరు కూడా ఉంది. అయినా నడుస్తున్నారని విన్నాను. ఎలా నడిపిస్తున్నావు? ఆబా ముందు తాత్యా పేరెత్తకూడదని నీకు తెలుసు. ముప్పై ఏళ్ల కిందటి ఆ పాత కుస్తీలో నలభై ఐదు నిమిషాలు పట్టుకుని ఎవరూ ఎవరినీ పడెయ్యలేక, పెద్దలు సమానం అని విడదీసినప్పటి నుంచీ మాటల్లేవు. మన పెళ్లిళ్లలో కూడా ఒకరికొకరు వీపు పెట్టుకుని భోంచేశారు కదా.

చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యి. మామగారి గురించి రాశానని తెలిస్తే నేను తల ఎత్తలేను.

నీ చెల్లి
శేవంత

కాసారగావ్,
1-12-1996.

శేవంతా,

నేతి మరక అని రాశావు. ఉత్తరానికి అంటేంత నెయ్యి వాడుతున్నావంటే మీ గేదె బాగా ఇస్తున్నట్టే. మాది ఈసారి వట్టిపోయింది.

తాత్యా నడక మొదలుపెట్టింది డాక్టరు మాటకు కాదు, నా అబద్ధానికి. మీరు పడ్డారని విని ఆబా పైల్వాన్ నవ్వాడట అని చెప్పాను. అప్పటికి ఆబాకు ఏమీ కాలేదు, నవ్వనూ లేదు, పాపం. తాత్యా ఒక పూటంతా గోడ వైపు తిరిగి పడుకుని, సాయంత్రం కర్ర ఇమ్మన్నారు. దసరాకు ఆబా కూడా పడ్డారని తెలిసిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు. మర్నాడు, "ఇప్పుడు మళ్లీ సమానం" అని లేచి ఒక చుట్టు ఎక్కువ తిరిగారు.

నువ్వూ అదే చెయ్యి. తాత్యా రోజూ మా కుస్తీల తాలీం చుట్టూ పన్నెండు చుట్లు తిరుగుతున్నారని చెప్పు. నిజానికి తిరిగేది మూడు. మూడో చుట్టులో టీ కొట్టు దగ్గర ఆగిపోతారు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు నడుస్తుంటే ఒక్కోసారి షుగరు బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయట, మాట తడబడుతుందట. అందుకని జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉంచుకోమన్నాడు డాక్టరు. మా తాత్యాకు రోజూ సరిగ్గా టీ కొట్టు ముందే కళ్లు తిరుగుతాయి. బెంచీ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, బెల్లం చప్పరిస్తారు. శనివారం కొట్టు మూసేస్తారు. శనివారం మాత్రం ఏమీ తిరగవు.

ఆబా ఎన్ని చుట్లు తిరిగితే దానికి పది కలిపి నాకు రాయి, తాత్యాకు చెబుతాను. నేనూ అంతే రాస్తాను. ఇద్దరూ లేస్తారు.

నీ ఉత్తరం కాల్చేశాను, దిగులు పడకు.

హౌస

హళదవాడి,
15-12-1996.

హౌసక్కా,

ఈసారి రాత ఇంకా ఘోరంగా ఉంటుంది, మన్నించు. గేదె పక్కన కూర్చుని రాస్తున్నాను. దాని తోక తగిలిన చోటల్లా అక్షరం పక్కకు పోయింది.

నువ్వు చెప్పమన్నది చెప్పేశాను. ఆబాకు కాదు, గేదెకు. పాలు పితుకుతూ, వరండాలోకి వినపడేలా, "విన్నావా చంద్రీ, కాసారగావ్ తాత్యా రోజుకు పన్నెండు చుట్లు తిరుగుతున్నారట, షుగరు పెట్టుకుని కూడా" అన్నాను. మర్నాడు నేను బిందెతో వెళ్లేసరికి ఆబా కర్ర పట్టుకుని పాక గుమ్మంలో నిలబడి ఉన్నారు. గేదె వైపు చూస్తూ, "చంద్రీ, వాళ్ల తాలీం కోళ్లగూడంత ఉంటుంది. దాని చుట్టూ పన్నెండేమిటి, నూరు తిరగొచ్చు" అన్నారు.

మూడేళ్లలో ఆయన నాకు చెప్పిన అతి పెద్ద మాట అది. మధ్యలో గేదె ఉంటే ఉండనీ.

ముందు రెండు రోజులు మాకు తెలియకుండా గాదె గదిలో తలుపేసుకుని బస్కీలు తీశారు. రెండో బస్కీలో కిందికి వెళ్లినవారు పైకి రాలేక జొన్న బస్తాల మధ్య ఇరుక్కున్నారు. మా ఆయన లాగితే బస్తా వచ్చింది, ఆబా రాలేదు. శింత్రే మేడమ్ బాగా కేకలేసింది. ముందు నడకే చెయ్యాలట, కర్రతో, మెల్లగా, వెనకాల ఒక మనిషితో. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీకి పోతారు కాబట్టి ఆ మనిషిని నేనే. ఊరు లేవకముందే చీకట్లో, కొంగు నిండా కప్పుకుని పది అడుగుల దూరంలో నడుస్తాను.

మేడమ్ ఒక కొలత చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలట, పాట మాత్రం పాడలేకపోవాలట. పాట వస్తే నడక చాలనట్టు, మాట కూడా రాకపోతే మితిమీరినట్టు. ఆబా నాతో మాట్లాడరు, నాకెలా తెలుస్తుందని భయపడ్డాను. మొదటి చుట్టులోనే దారి దొరికింది. ఆయన నడుస్తున్నంతసేపూ తాత్యాను తిడతారు. తిట్టు మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపిరిలో వస్తే నడక సరిగ్గా ఉన్నట్టు. తిట్టు ముక్కలు ముక్కలైతే నేను దగ్గుతాను, ఆయన నెమ్మదిస్తారు. ఈ సంగతి చెబితే మేడమ్ తన పుస్తకంలో రాసుకుంది. ఏం తిడతారని కూడా అడిగింది. నేను చెప్పలేదు.

నిన్న ఆబా గేదెను ఇంకో మాట అడిగారు, ఆ తాత్యాకు ఇంత సత్తువ ఎక్కడిదని. జేబులో బెల్లం ముక్క పెట్టుకుని నడుస్తారట అని గేదెకు చెప్పాను. ఎందుకో చెప్పేలోపు చంద్రీ బిందెను తన్నింది. పాలు ఎత్తుకోవడంలో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆబా తలూపుకుంటూ వెళ్లిపోయారు.

మా తాలీం చుట్టూ నాలుగు చుట్లు అవుతున్నాయి. నువ్వు పద్నాలుగు చెప్పు.

దీన్ని కూడా కాల్చెయ్యి, తిట్ల సంగతి ఉంది.

శేవంత

కాసారగావ్,
30-12-1996.

శేవంతా,

పద్నాలుగు అని చెప్పగానే తాత్యా కాసేపు పైకప్పు వైపు చూసి, మీసం కింద నవ్వారు. కోపం వస్తుందనుకున్నాను, నవ్వు ఎందుకొచ్చిందో తెలియదు. తరవాత లేచి కర్ర తీసుకున్నారు. ఇప్పుడు అయిదు అవుతున్నాయి, టీ కొట్టు ముందు ఆగడం పోను. నువ్వు పదిహేను చెప్పు.

కోళ్లగూడు మాట కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. తాత్యా మా తాలీం గోడ పొడవునా దారం పట్టించి, ముడులు వేసి, ఈ కవరులో పెట్టమన్నారు. పోస్టాఫీసులో కవరు పట్టుకుని ఇది ఉత్తరమా, దారపుండా అని అడిగారు. మీది కూడా కొలిచి పంపాలట. ఇంకో పేచీ కూడా పెట్టారు. షుగరు ఉన్న మనిషి ఒక చుట్టు, లేని మనిషి ఒకటిన్నర చుట్టుకు సమానమట. అలా లెక్కవేస్తే తానే గెలిచినట్టట. మీ మేడమ్‌ను అడిగి రాయి, లేకపోతే నన్ను ఇంట్లో నిలవనివ్వరు.

ఒక విచిత్రం. ఈమధ్య తాత్యా ఊరికే వంటింట్లోకి వచ్చి పిండి డబ్బాల దగ్గర తచ్చాడుతున్నారు. రవ్వలడ్లు దాచానని అనుమానం కాబోలు. లడ్లు అటక మీదికి మార్చేశాను.

నీ ఉత్తరం నీళ్ల పొయ్యిలో వేశాను. చక్కగా మండింది.

హౌస

హళదవాడి,
25-1-1997.

హౌసక్కా,

నా రాతకు నువ్వు అలవాటు పడిపోయి ఉంటావు, అయినా క్షమించు.

దారం చేరింది. ఆబా దాన్ని మా తాలీం గోడకు పట్టించి చూశారు. మన రెండు తాలీంలూ ఒక్క మూర తేడాతో ఒకటే. ఆ మూర కోసం వరండాలో నలుగురు పెద్దమనుషులు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వాదించారు. దారం తడిసి సాగిందని ఆబా, ఎండకు ముడుచుకుపోయిందని మిగతావాళ్లు. ఒక మంచి మాత్రం జరిగింది. కొలవడానికని ఆబా మొదటిసారి అందరి ముందూ కర్రతో తాలీం చుట్టూ నడిచారు. కాలీడ్చడం ఎవరూ చూడలేదు, అందరూ దారాన్నే చూస్తున్నారు.

మేడమ్‌ను అడిగాను. తల దించుకునే అడిగాను కానీ అడిగాను. షుగరు ఉన్నా లేకపోయినా నడక ఇద్దరికీ పనిచేస్తుందట. ఎవరికి ఎంత అనేది వాళ్ల వాళ్ల ఒంటిని బట్టి, ఒకటికి ఒకటిన్నర అనే లెక్క ఏ పుస్తకంలోనూ లేదట. షుగరు ఉన్నవాళ్లు మాత్రం పాదాలు రోజూ చూసుకోవాలట, వట్టి కడుపుతో నడవకూడదట. ఇదంతా గేదెకు చెప్పాను. ఆబా విని, "పుస్తకంలో లేదని తాత్యాకు చెప్పమను చంద్రీని" అన్నారు.

ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. బెల్లం కుండలో రోజుకో ముక్క మాయమవుతోంది. బోను పెట్టాను. అందులో మా ఆయన వేలు పడింది. ఎలుక మాత్రం పడలేదు. ఇంకో సంగతి, ఆబా తలపాగా ఉతుకుదామని తీస్తే దాని మడతల్లో చీమలు బారులు కట్టి ఉన్నాయి. తలనూనెలో ఏదో కలుపుతున్నారని కొట్టువాడిని తిట్టించి నూనె మార్చాను. అయినా చీమలు పోలేదు. పక్షవాతం మందులకు ఒళ్లు తీపెక్కుతుందా అక్కా? సిగ్గుగా ఉంది, మేడమ్‌ను అడగలేకపోయాను.

ఆబాకు తొమ్మిది చుట్లు అవుతున్నాయి. ఇరవై చెప్పు. పది కలపమన్నావు, ఒకటి ఎక్కువ కలిపాను, పాపమేమో.

కాల్చెయ్యడం మరిచిపోకు.

శేవంత

కాసారగావ్,
12-2-1997.

శేవంతా,

కొంప మునిగింది. ఇరవై అని చెప్పానా, తాత్యా బయటికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చారు. ఎక్కడికి వెళ్లారంటే మీ ఊరి జాతర పెద్దల దగ్గరికి, ఎవరి మోటారుసైకిలు మీదో కూర్చుని. ఆగిపోయిన ఆ కుస్తీని ఈసారి మీ భైరోబా జాతర గోదాలో తేల్చేసుకుంటారట. పట్టుకోవడం కాదు, నడకట. గోదా చుట్టూ నడవాలి, ఎవరు ముందు కూర్చుంటే వాళ్లు ఓడినట్టు. మీ పెద్దలు వీపు తట్టి ఒప్పుకున్నారట. కరపత్రంలో కూడా అచ్చు వేయిస్తున్నారట.

ఈయనకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. ఆబా ఇరవై తిరుగుతున్నారని నేనే చెప్పాను, ఈయన తిరిగేది పది. పదివాడు ఇరవైవాడిని పందేనికి పిలవడం ఏమిటి? అడిగితే, "నువ్వు పిండి కలుపుకో" అన్నారు. ఇక్కడ ఇరవై నాలుగు అని నువ్వు ఆబాకు చెప్పు. ఇంక దాగుడుమూతలు ఆపే దారి లేదు.

నేను జాతరకు రాలేను, మా గేదె ఆ వారమే ఈనేలా ఉంది. ఏం జరిగినా పూర్తిగా రాయి.

హౌస

హళదవాడి,
1-3-1997.

హౌసక్కా,

దీపం మలిగేలోపు గబగబా రాస్తున్నాను, అక్షరాలు నీకే వదిలేస్తున్నాను.

కరపత్రం మా గుమ్మానికే అంటించారు. అన్నిటికన్నా పైన పెద్ద కుస్తీలు, వాటి కింద చిన్నవి, అట్టడుగున, పిల్లలు రేవడీ మిఠాయిల కోసం పట్టే కుస్తీలకు కాస్త పైన, ఆబా పేరు, తాత్యా పేరు. ఆబా చదవలేరు కదా, తన పేరు ఎక్కడుందో మా ఆయన్ను వేలు పెట్టి చూపించమన్నారు. చూసి, ఇంత కిందనా అని ఒక్కటే అన్నారు. అయినా ఒప్పుకున్నారు.

పూణే బావగారు కూడా ఆ రోజే వస్తున్నారు. ఆబా జనం ముందు పడిపోతే ఆయన ఇంక ఎవరి మాటా వినరు, ఆ సాయంత్రమే కారెక్కిస్తారు. పడిపోకుండా ఓడిపోయినా ఆబా మళ్లీ వీధికి వీపు తిప్పేస్తారు. ఇదంతా నా అబద్ధాల వల్లే. తాత్యా ఇరవై నాలుగు తిరుగుతారని నమ్మి ఆబా పొద్దునా సాయంత్రమూ నడుస్తున్నారు. పదమూడు చుట్లు అవుతున్నాయి. మొన్న సాయంత్రం మలుపులో తిట్టు మధ్యలో తెగింది. నేను దగ్గాను. వినలేదు. మళ్లీ దగ్గాను. కాలు మడతపడింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను, కొంగు జారిపోయింది, "చాలు ఆబా, కూర్చోండి" అనేశాను. నేరుగా.

ఆయన అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకుని, ఇటూ అటూ చూసి, "చంద్రీ ఇక్కడ లేదే, ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు.

"మీతోనే" అన్నాను.

"సరే అయితే" అన్నారు.

అప్పటి నుంచి పది అడుగుల వెనక కాకుండా పక్కనే నడుస్తున్నాను. అక్కా, నిజం చెప్పేద్దామా? నువ్వు ఏదో ఒకటి రాసేలోపే జాతర వచ్చేస్తుందేమో.

దీన్ని రెండుసార్లు కాల్చు.

శేవంత

హళదవాడి,
24-4-1997.

హౌసక్కా,

నిన్న జాతర అయింది. పూర్తిగా రాయమన్నావు, రాస్తున్నాను. తాత్యా ఇంటికి వచ్చి వేరేగా చెప్పి ఉంటారు, ఇదే నమ్ము.

పూణే బావగారు పొద్దున్నే వచ్చి, ఆబా బట్టలు సంచిలో సర్దిపెట్టమన్నారు, ఎందుకైనా మంచిదని. సర్దాను. పంచెలు మెల్లగా, ఒక్కొక్కటే మడత పెట్టాను. ఆబా చూసి తలపాగా సవరించుకున్నారు.

ఆడవాళ్లం బడి మేడ మీద నుంచి చూశాం. పెద్ద కుస్తీలన్నీ అయ్యాక హలగీ డప్పు మోగింది. ఇద్దరూ గోదా అంచున ఎదురెదురుగా నిలబడ్డారు. నియమం ప్రకారం ఎర్రమట్టి చేతిలోకి తీసుకుని ఒకరి భుజాన ఒకరు చల్లుకోవాలి కదా. ఆబా ఎడం చేతికి మట్టి నిలవలేదు, తాత్యా కుడిచేతికి నిలవలేదు. ఒకరి మంచి చెయ్యి ఒకరికి ఎదురుగా వచ్చింది. అలా చల్లుకున్నారు. ముప్పై ఏళ్ల తరవాత ఒకరినొకరు ముట్టుకోవడం.

తరవాత నడక మొదలైంది. అక్కా, ఇద్దరూ తిట్టుకుంటూ నడిచారు. పక్కపక్కనే, రెండు కర్రలు, రెండు నోళ్లు. ఆ తిట్లు మేడ మీదికి వినిపించి సర్పంచి గారి భార్య చెవులు మూసుకుంది, మళ్లీ వేళ్లు కాస్త తెరిచింది. జనం పగలబడి నవ్వుతూ చుట్లు లెక్కపెట్టారు. అయిదు, ఎనిమిది, పది. నేను తిట్లు మాత్రమే విన్నాను. ఆబా తిట్టు మొదటి నుంచి చివరి దాకా వస్తోంది. నా ప్రాణం కుదుటపడింది.

పన్నెండో చుట్టులో తాత్యా తిట్టు తప్పింది. ముక్కలు కాలేదు, వంకర పోయింది. ఆబాను పట్టుకుని "వదినా" అన్నారు. తరవాత ఎడ్లబండి గురించి ఏదో అన్నారు. మొహమంతా చెమట. మీ ఊరివాళ్లు నవ్వారు, టీ కొట్టు వచ్చిందిరోయ్ అని అరిచారు, బెల్లం నాటకం మొదలైందన్నారు. తాత్యా జేబు తడుముకున్నారు. జేబు ఖాళీ. బెల్లం బస్సులోనే చప్పరించేశారట, తరవాత తెలిసింది.

ఆబా ఆగిపోయారు. నేను దగ్గలేదు అక్కా, మేడ మీద నుంచి దగ్గినా వినపడదు. తనంతట తానే ఆగి, మంచి చేత్తో తలపాగా లాగేశారు. ఊరందరి ముందూ, గోదాలో, తలపాగా తీసేశారు. దాని మడతలోంచి నిమ్మకాయంత బెల్లం ముద్ద తీసి, చీమలు దులిపి, సగం దులిపి, తాత్యా నోట్లో కుక్కారు. "నములు, పంది ముఖమా, నములు" అన్నారు. అదే ఆఖరి తిట్టు. మేడమ్ జనంలోంచి పరుగెత్తి వచ్చింది. ఇద్దరూ ఎర్రమట్టిలో కూలబడ్డారు, ఒకేసారి. ఎవరు ముందు కూర్చున్నారో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు నాకు ఎలుక ఎవరో తెలిసింది. బెల్లమే తాత్యా బలం అనుకుని ఆబా నెలల తరబడి తలపాగాలో పెట్టుకుని నడిచారు. చంద్రీ బిందె తన్నకుండా ఉంటే అసలు సంగతి అప్పుడే చెప్పేసేదాన్ని, ఆ ముద్ద అక్కడ ఉండేది కాదు.

పావుగంటకు తాత్యా తేరుకుని, తిట్టు సరిగ్గా పూర్తిచేశారు. పెద్దలు మళ్లీ సమానం అన్నారు. బహుమతి ఏమిస్తారు, పిల్లల కుస్తీల రేవడీలు మిగిలితే ఒక పొట్లం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మేడమ్ తాత్యా వాటా ముట్టనివ్వలేదు, అవసరమైన తీపి అయిపోయిందట. ఆ వాటా కూడా ఆబాయే తిన్నారు, తాత్యా ఎదురుగా, ఒక్కొక్కటిగా.

తరవాత ఆబా కర్ర పట్టుకుని గోదా నుంచి ఇంటి దాకా నడిచే వచ్చారు. వెనకాల బావగారు, ఆయన వెనక మేము. గుమ్మం దగ్గర సంచి కనిపించింది. బావగారు మెల్లగా, ఇప్పుడు నడుస్తున్నారు సరే, రేపు కళ్లు తిరిగితే ఇక్కడ ఎవరున్నారు, పూణేలో పెద్ద డాక్టర్లున్నారు అన్నారు.

ఆబా సంచిని కర్రతో పక్కకు జరిపి అన్నారు:

"నేను ఎక్కువ నడిస్తే శేవంత దగ్గుతుంది. నీ ఇంట్లో ఎవరు దగ్గుతారు?"

బావగారు వాళ్లావిడ వైపు చూశారు. ఆమె దగ్గలేదు. సంచి నేనే లోపల పెట్టాను. ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి.

అక్కా, ఇంక అబద్ధాలు వద్దు. ఈ ఉత్తరం కాల్చెయ్యి, పాతవి ఏమైనా మిగిలి ఉంటే వాటినీ కాల్చెయ్యి.

శేవంత

కాసారగావ్,
4-5-1997.

శేవంతా,

మా గేదె ఈనింది, పెయ్యదూడ. ముందు అది చెబుదామని.

నీ అనుమానం నిజమే, తాత్యా వేరేగానే చెప్పారు. ఆబాకు ఆయాసం వస్తుంటే పరువు పోకూడదని తానే కళ్లు తిరిగినట్టు నటించారట. వదినా అన్నది కూడా నటనేనట. ఊరంతా నమ్మింది. నేను నీ ఉత్తరం చదివి, రెండోసారి చదువుదామని పిండి డబ్బా తెరిచాను. అవును, నేను ఒక్కటీ కాల్చలేదు. నీ రాత చూస్తే మన ఇల్లు గుర్తొస్తుంది, పొయ్యిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. అన్నీ జొన్నపిండి డబ్బాలో దాచాను.

డబ్బాలో ఉత్తరాలు వరసగా, తారీఖుల ప్రకారం పేర్చి ఉన్నాయి. నేను ఎప్పుడూ అలా పేర్చను. ప్రతిదాని అంచునా టీ మరక.

గట్టిగా అడిగాను. మొదటి ఉత్తరం నుంచీ అన్నీ చదివారట. రవ్వలడ్ల కోసం డబ్బా తెరిచి మొదటిది చూశారట, తరవాతివి కావాలనే చదివారట. పద్నాలుగు అని నేను చెప్పినప్పుడు ఆబా తిరిగేది నాలుగని తెలుసు. అందుకే నవ్వారు. మరి తెలిసి ఎందుకు నడిచారు, పందెం ఎందుకు కట్టారు అని అడిగాను.

"నేను కూర్చుంటే వాడూ కూర్చుంటాడు. వాణ్ణి పూణే పట్టుకుపోతే నేను ఎవణ్ణి తిట్టుకుంటూ నడవాలి?" అన్నారు.

జేబులో బెల్లం లేకుండా గోదాలోకి ఎందుకు దిగారని కూడా అడిగాను. నా చెల్లి తెలివితక్కువదట. తలపాగాలో చీమలని రాస్తే తనకు వెంటనే అర్థమైందట. వాడి నెత్తిన అంత బెల్లం ఉండగా నాకు భయమేమిటి అన్నారు. ఇది నిజమో, బస్సులో తినేసినందుకు అల్లిన మాటో భైరోబాకే తెలియాలి.

హౌస

హళదవాడి,
15-5-1997.

హౌసక్కా,

నా రాతకూ తప్పులకూ ఇన్నాళ్లూ నీ ఒక్కదానికే క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకో మనిషి కూడా చదివారని తెలిశాక రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆబా తిట్లన్నీ నేనే నా చేత్తో ఆయనకు చేరవేశానన్నమాట.

ఆబాకు చెప్పాను. నేరుగానే చెప్పాను, చంద్రీ ఉన్నా సరే. ఆయన మీసం దువ్వుకుని, ఇది రాసుకో అన్నారు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"తాత్యా, నాకు చదువు రాదని తెలిసి దొంగచాటుగా చదివావు. ఇది కుస్తీ న్యాయం కాదు. వచ్చే జాతరకు మళ్లీ దిగు. బెల్లం నీది నువ్వు తెచ్చుకో. పాదాలు రోజూ చూసుకో. వట్టి కడుపుతో నడవకు. నీకు వదిన కూడా లేదు కదా, ఎవరిని పిలిచావు రా?"

ఇక్కడి దాకా ఆబా మాటలు. ఇప్పుడు ఆయన తాలీం వైపు వెళ్లారు, నేను పరుగెత్తాలి. పదహారు చుట్లు అవుతున్నాయి. మేడమ్ సంతోషించింది. మీ తాత్యాకు పద్దెనిమిది అవుతున్నాయని నిన్ననే ఆబాకు చెప్పాను. అబద్ధాలు వద్దన్నదాన్ని నేనే, కానీ ఆయన పొద్దున్న మంచం మీద కాస్త బద్ధకంగా కూర్చున్నారు, నోట్లోంచి వచ్చేసింది. అందుకని, ఈ ఉత్తరం హౌసక్క కాల్చదని నాకు తెలుసు కాబట్టి,

తాత్యా, చదవడం అయ్యాక మీరే కాల్చెయ్యండి.

శేవంత